తెలుగు వైజ్ఞానిక పదాల అకారాది: అర్థనిర్ణయంలో యోగం, రూఢి

వ్యాససంగ్రహం:

విజ్ఞానశాస్త్ర పదాలను అక్షరక్రమంలో కూర్చి వాటికి అర్థాలు చెప్పే పదకోశాలు తెలుగులో శాస్త్రబోధనకు ప్రధాన సాధనాలు. పాఠ్యపుస్తకాల చివర చేర్చే పదపట్టికలు కూడా ఈ కోవలోవే. వీటిలో 'అర్థం' అనే మాటకు ఎక్కువగా 'సమానార్థకం' అనే విలువే దక్కుతోంది. పారిభాషిక పదాలు చాలావరకు యోగరూఢాలు. వాటి అవయవార్థాన్ని మాత్రమే చెబితే శాస్త్రార్థం చిక్కదు, ఒక్కోసారి తప్పుదోవ కూడా పడుతుంది. ఈ వ్యాసం అకారాది క్రమం తెచ్చే చిక్కులను, అవయవార్థానికీ నిర్వచనానికీ మధ్య ఉన్న దూరాన్ని, నానార్థ సమస్యను, లోకవ్యవహారంతో శాస్త్రపదానికి ఉన్న సంబంధాన్ని ఉదాహరణలతో పరిశీలించి, వైజ్ఞానిక అకారాదిలో ఆరోపం ఎలా ఉండాలో సూచిస్తుంది.

కీలకపదాలు: పారిభాషిక పదం, అకారాది, యోగరూఢి, నానార్థం, ఆరోపం, నిర్వచనం.

1. ఉపోద్ఘాతం:

'అ' దగ్గర అణువుతో మొదలై 'క్ష' దగ్గర క్షారంతో ముగిసే వైజ్ఞానిక పదపట్టిక చూడడానికి సులభమైన రచన. ఒక పక్క పదం, మరొక పక్క అర్థం, మధ్యలో ఒక గీత. పాఠకుడికి కావలసినది ఆ గీతకు కుడివైపున ఉంటుందని మన నమ్మకం. అయితే కుడివైపున ఉన్నది నిజంగా అర్థమేనా, లేక అదే మాటను ఇంకొక రూపంలో చెప్పడమా అన్న ప్రశ్నను తెలుగు నిఘంటు విమర్శ తగినంతగా వేసుకోలేదు.

తెలుగులో శాస్త్రవిషయాలు రాసే ప్రయత్నానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రాలను కూడా తెలుగు పాఠకుల ముందుకు తెచ్చింది. 1961లో కేంద్ర ప్రభుత్వం శాస్త్ర సాంకేతిక పదావళి కమిషన్‌ను నెలకొల్పింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నత విద్యకు కావలసిన పాఠ్యగ్రంథాలతోపాటు వివిధ శాస్త్రాలకు పారిభాషిక పదకోశాలను వెలువరించింది. ఈ కృషి వల్లనే ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయుల్లో తెలుగులో శాస్త్రాలు చదవడం సాధ్యమైంది. ఆ పదకోశాల తక్షణ ప్రయోజనం అనువాదకుడికీ పాఠ్యరచయితకూ ఆంగ్లపదానికి దీటైన తెలుగు పదాన్ని అందించడం. ఆ అవసరానికి సమానార్థకం చాలు. విద్యార్థి అవసరం వేరు. అతని చేతిలో ఉన్నది తెలుగు పదమే, తెలియనిది దాని అర్థం.

నేడు ఈ ప్రశ్నకు ఇంకొక కారణంగా కూడా ప్రాధాన్యం పెరిగింది. రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లో ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఎదురెదురుగా నిలిచిన రెండు పదాల్లో తెలుగు పదం అర్థాన్ని ఇవ్వలేకపోతే అది ఆంగ్లపదానికి అలంకారంగా మిగిలిపోతుంది. అందుచేత పదాల సృష్టిని గురించిన చర్చతోపాటు, ఉన్న పదాలకు అర్థం చెప్పే పద్ధతిని గురించి కూడా చర్చించవలసి ఉంది.

2. అకారాది క్రమం - కొన్ని చిక్కులు:

అక్షరక్రమం నిఘంటువుకు సహజమైన క్రమంగా మనకు అలవాటైంది. కాని మన ప్రాచీన కోశాల పద్ధతి వేరు. అమరకోశం పదాలను విషయాన్ని బట్టి వర్గాలుగా కూర్చింది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహం దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గులుగా సాగింది. కంఠస్థం చేసే పాఠకుడికి వర్గవిభజన అనుకూలం. వెతుక్కునే పాఠకుడికి అకారాది అనుకూలం. 1885లో వెలువడిన శబ్దరత్నాకరం వంటి నిఘంటువులు వెతుక్కునే పాఠకుణ్ణి దృష్టిలో ఉంచుకున్నాయి. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం కూడా అకారాది క్రమాన్నే స్వీకరించింది. 1923లో ఆయన మరణించేనాటికి వెలువడిన సంపుటాలు అకారం దగ్గరే ఉన్నాయి. అకారాదిలో ఒక శాస్త్రం ఎప్పుడు పూర్తవుతుందో చెప్పలేమనడానికి ఇదొక ఉదాహరణ. భౌతికశాస్త్రం 'భ' దగ్గర మొదలు కాదు, ముగియదు. అది అన్ని అక్షరాల్లోనూ చెదిరి ఉంటుంది.

అక్షరక్రమంలోనే ఏకాభిప్రాయం లేని చోట్లు కొన్ని ఉన్నాయి. బాలశిక్షలోని వర్ణమాల 'క్ష'ను చివర చూపుతుంది. కంప్యూటరు యూనికోడ్ సంకేతసంఖ్యల వరుసను మాత్రమే అనుసరిస్తే 'క్ష' కకారంలో, గుణింతాలన్నిటి తరువాత వస్తుంది. క్షయకరణం, క్షారం, క్షీరదాలు, క్షేత్రం వంటి ముఖ్యపదాల చోటు దీన్నిబట్టి మారుతుంది. అదే వరుసలో సున్న హల్లులకంటె ముందు వస్తుంది కనుక 'అంతరిక్షం' 'అకశేరుకం'కంటె ముందుంటుంది. వర్ణమాల ప్రకారమైతే 'అం' ఔకారం తరువాతిది. 'ఋణావేశం', 'రుణావేశం' అనే రెండు వర్ణక్రమాలు వాడుకలో ఉన్నందువల్ల ఒకే భావన రెండు చోట్ల వెతకవలసి వస్తుంది. ఇవి చిన్న విషయాలే. కాని పాఠకుడు పదాన్ని కనుక్కోలేకపోతే అర్థం ఎంత బాగా రాసినా ప్రయోజనం లేదు.

అంతకంటె ముఖ్యమైన చిక్కు ఉపసర్గల వల్ల కలుగుతుంది. తెలుగు పారిభాషిక పదాల్లో అధికభాగం సంస్కృత ధాతువులకు ఉపసర్గలు చేర్చి కట్టినవి. అకారాది పదాన్ని మొదటి అక్షరంతో పట్టుకుంటుంది. అంటే ఉపసర్గతో పట్టుకుని ధాతువును వదిలేస్తుంది. 'విసరడం' అనే అర్థమున్న క్షేపణాన్ని తీసుకుందాం. ద్రావణంలో నుంచి ఘనపదార్థం వేరుపడి అడుగుకు దిగితే అది అవక్షేపం. బలంతో గాలిలోకి విసిరిన వస్తువు ప్రక్షేపకం. కాంతి కణాలను తాకి నలుదిక్కులకూ చెదిరితే అది పరిక్షేపణం. తెల్లని కాంతి పట్టకంలో రంగులుగా విడిపోతే అది విక్షేపణం. ఈ నాలుగింటిలోనూ విసరడం ఉంది. కిందికి, ముందుకు, చుట్టూ, విడివిడిగా అనే భేదాన్ని ఉపసర్గలు చెబుతున్నాయి. ఇంత చక్కని వ్యవస్థ అకారాదిలో అకార, పకార, వకారాల మధ్య చెల్లాచెదురైపోతుంది. సి.వి.రామన్ 1928లో కనుగొన్నది పరిక్షేపణానికి సంబంధించిన విషయమా, విక్షేపణానికి సంబంధించినదా అని తడబడే విద్యార్థికి ఈ రెండు పదాలనూ పక్కపక్కన పెట్టి చూపిన పదకోశం ఉంటే తడబాటు ఉండదు.

అకారాది వల్ల కలిగే మేలు కూడా ఒకటి ఉంది. అది పదజాలపు పొరలను బయటపెడుతుంది. సంస్కృతంలో హ్రస్వమైన ఎకార, ఒకారాలు లేవు. కనుక వైజ్ఞానిక అకారాదిలో 'ఎ', 'ఒ' అక్షరాల కింద తత్సమాలకు చోటు లేదు. అక్కడ ఎముక, ఎరువు వంటి దేశ్యాలు, ఎలక్ట్రాన్, ఎంజైమ్ వంటి ఆదానపదాలు ఇరుగుపొరుగుగా ఉంటాయి. తక్కిన అక్షరాల్లో తత్సమాలే మెజారిటీ. తెలుగు శాస్త్రభాష స్వరూపాన్ని తెలుసుకోవడానికి ఈ ఒక్క పరిశీలన చాలా ఉపకరిస్తుంది.

3. అవయవార్థం - నిర్వచనం:

భారతీయ శబ్దార్థ విచారం పదాలను రూఢాలు, యౌగికాలు, యోగరూఢాలు మొదలైనవిగా విభజించింది. అవయవార్థంతో నిమిత్తం లేకుండా అర్థాన్నిచ్చేది రూఢం. అవయవాల అర్థమే పదార్థమైతే యౌగికం. వండేవాడు పాచకుడు. అవయవార్థం ఉంటూనే అది ఒక వస్తువుకు మాత్రమే పరిమితమైతే యోగరూఢం. బురదలో పుట్టినవి ఎన్నో ఉన్నా పంకజమంటే తామరే. సాహిత్య విద్యార్థులకు సుపరిచితమైన ఈ విభజన వైజ్ఞానిక పదకోశాల విమర్శకు కూడా గట్టి ఆధారం కాగలదు. తెలుగు పారిభాషిక పదాలు చాలావరకు యోగరూఢాలు. పదకోశాలు మాత్రం వాటిని తరచుగా యౌగికాలుగా భావించి అర్థం చెబుతాయి.

'అలోహం' అనే పదం చూడండి. 'లోహం కానిది' అన్నది అవయవార్థం. ఈ అర్థమే చాలనుకుంటే కర్ర, నీరు, వస్త్రం అన్నీ అలోహాలే. శాస్త్రంలో అలోహం అంటే లోహధర్మాలు లేని మూలకం. గంధకం, భాస్వరం, క్లోరిన్ వంటివి అలోహాలు. నీరు మూలకం కాదు కనుక లోహమూ కాదు, అలోహమూ కాదు. 'మూలకం' అన్న ఒక్క మాట అర్థంలో చేరకపోతే నిర్వచనం కూలిపోతుంది. అకారాదిలో అలోహం ముందు వచ్చి, లోహం చాలా పుటల తరువాత వస్తుంది కనుక ఈ లోపం మరింత కనబడుతుంది. పాఠకుడు నిషేధాన్ని ముందు చదివి, నిషేధింపబడినదాన్ని తరువాత చదువుతాడు.

అవయవార్థం శాస్త్రార్థానికి చాలనప్పటి పరిస్థితి ఇది. అవయవార్థమే శాస్త్రానికి విరుద్ధమైన సందర్భాలు కూడా ఉన్నాయి. 'ఆమ్లజని' అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఈ పదం ఆక్సిజన్ అనే మాటకు అనువాదం. 18వ శతాబ్ది చివరలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోజియే ఆమ్లాలన్నిటిలోనూ ఈ వాయువు ఉంటుందని భావించి గ్రీకు మాటలతో ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని, క్లోరిన్ ఒక మూలకమని 1810లో హంఫ్రీ డేవీ ప్రకటించాడు. సిద్ధాంతం పోయింది, పేరు నిలిచింది. ఐరోపా భాషల్లో జర్మన్, రష్యన్ పదాలు కూడా ఆ పాత అర్థాన్నే మోస్తున్నాయి. తెలుగు పదం ఆ పేరులోని పొరపాటును కూడా అనువదించుకుంది. ఆంగ్లం చదివేవాడికి గ్రీకు మూలం కనబడదు. తెలుగు చదివేవాడికి 'ఆమ్లం' స్పష్టంగా కనబడుతుంది. కనుక పారదర్శకత ఇక్కడ గుణంగా గాక దోషంగా పరిణమించింది.

'ప్రాణవాయువు' వేరే మార్గంలో ఏర్పడిన పదం. ఇది గుణాన్ని గాక ఉపయోగాన్ని బట్టి వచ్చింది. ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానాలనే పంచప్రాణాల భావనతో ఇది కలగలిసిపోయే అవకాశముంది. పైగా ధనుర్వాతాన్ని కలిగించే బాక్టీరియా వంటి అవాయు జీవులకు ఆ వాయువు ప్రాణాధారం కాదు సరికదా హానికరం. నేటి పాఠ్యపుస్తకాలు ఎక్కువగా 'ఆక్సిజన్' అనే వాడుతున్నాయి. మూలకాల పేర్లు, కొలమానాల పేర్లు, వ్యక్తుల పేర్ల మీద ఏర్పడిన పదాలు అంతర్జాతీయ రూపాల్లోనే ఉండాలని, భావనలకు సంబంధించిన పదాలను అనువదించుకోవాలని పదావళి కమిషన్ పెట్టుకున్న సూత్రం దీనికి అనుకూలం. అంతమాత్రాన సమస్య తీరలేదు. 'ఆక్సీకరణం' అనే పదం ఉంది. ఒకప్పుడు దాని అర్థం ఆక్సిజన్‌తో కలవడం. నేడు ఎలక్ట్రాన్లను కోల్పోవడం. సోడియం క్లోరిన్‌తో కలిసి ఉప్పుగా మారేటప్పుడు సోడియం ఆక్సీకరణం చెందుతుంది. అక్కడ ఆక్సిజన్ ఊసే లేదు. అంటే ఆదానపదంలో కూడా యోగం ఒకటి, రూఢి మరొకటి.

అవయవార్థంలో అస్పష్టత ఉన్న పదాలది మూడో తెగ. 'ద్రవీభవనం' అంటే ద్రవంగా కావడం. ఘనపదార్థం ద్రవం కావచ్చు, వాయువు కూడా ద్రవం కావచ్చు. శాస్త్రం ఈ పదాన్ని మొదటిదానికే కేటాయించి, రెండోదానికి 'సాంద్రీకరణం' అనే వేరే పదాన్ని వాడుతోంది. ఈ కేటాయింపు పదంలో లేదు, శాస్త్రసమయంలో ఉంది. పదకోశం చెప్పకపోతే విద్యార్థికి తెలిసే మార్గం లేదు. 'ఘన' శబ్దం కూడా ఇటువంటిదే. ఘనపదార్థంలో అది గట్టిదనాన్ని చెబుతుంది. గణితంలో ఒక సంఖ్యను మూడుమార్లు గుణించడాన్ని చెబుతుంది. 'ఘనపరిమాణం'లో ఆక్రమించిన చోటును చెబుతుంది. ద్రవానికి ఘనపరిమాణం ఎలా ఉంటుందని ఒక విద్యార్థి అడిగితే అది తెలివితక్కువ ప్రశ్న కాదు. పదాన్ని శ్రద్ధగా చదివినవాడు అడిగే ప్రశ్న.

4. నానార్థం - శాస్త్రాంతర భేదం:

మన ప్రాచీన కోశకారులు నానార్థాలకు ప్రత్యేక వర్గం ఏర్పరచారు. ఒకే పదానికి పలు అర్థాలున్నప్పుడు వాటిని ఒకచోట చూపడం అవసరమని వారు గుర్తించారు. పారిభాషిక పదకోశాలు శాస్త్రాల వారీగా వెలువడడం వల్ల ఈ దృష్టి మరుగున పడింది. జీవశాస్త్ర పదకోశంలో 'కణం' జీవుల నిర్మాణానికి మూలమైన భాగం. భౌతికశాస్త్ర పదకోశంలో 'కణం' పదార్థపు అతి చిన్న భాగం, లేదా ఎలక్ట్రాన్, ప్రోటాన్ వంటిది. రెండు పుస్తకాల్లోనూ అర్థం సరైనదే. రెండూ చదివే విద్యార్థి ఒక్కడే. ఆంగ్లంలో ఈ రెంటికీ వేర్వేరు పదాలున్నాయి. మరోవైపు ఆంగ్లంలో 'సెల్' అనే ఒకే మాట జీవకణాన్నీ, విద్యుత్తును ఇచ్చే సాధనాన్నీ చెబుతుంది. తెలుగు వీటిని కణం, ఘటం అని వేరుచేసింది. ఒకచోట ఆంగ్లం విడదీసినదాన్ని మనం కలిపాం, మరొకచోట ఆంగ్లం కలిపినదాన్ని మనం విడదీశాం. ఈ సంగతి తెలియకుండా సమానార్థకాల పట్టిక చూసినవాడికి 'మూలకణం' అనగానే ప్రాథమిక కణం స్ఫురించవచ్చు. కాని అది జీవశాస్త్ర పదం. ఇతర కణాలుగా రూపొందగల శక్తి ఉన్న జీవకణానికి పేరు.

'అణువు' విషయంలో చిక్కు మరింత లోతైనది. వైశేషిక దర్శనంలో పరమాణువు అవిభాజ్యమైనది. రెండు పరమాణువుల కలయిక ద్వ్యణుకం. ఆధునిక తెలుగు శాస్త్రభాష పరమాణువును మూలకపు అతి చిన్న భాగానికీ, అణువును పరమాణువుల కలయికతో ఏర్పడినదానికీ నిర్దేశించింది. ఈ విభజన వెనుక రసాయనశాస్త్రంలో అర్ధశతాబ్దపు వివాదం ఉంది. 1811లో అవగాడ్రో వీటి భేదాన్ని సూచించినా చాలాకాలం ఆమోదం లభించలేదు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో రసాయనశాస్త్రజ్ఞులు ఈ పదాల నిర్వచనాలు తేల్చుకోవడానికే సమావేశమయ్యారు. అక్కడ కనిజారో చేసిన వాదం తరువాతి కాలంలో ఆమోదం పొంది భేదం స్థిరపడింది. అంత కష్టంతో స్థిరపడిన భేదాన్ని మన పాఠ్యపుస్తకం రెండు పదాలతో చక్కగా నిలుపుకుంది.

పత్రికాభాష దానిని నిలుపుకోలేదు. అణుబాంబు, అణువిద్యుత్తు, అణుశక్తి అనే మాటలు స్థిరపడ్డాయి. పాఠ్యపుస్తకం ప్రకారం చదివితే అణుబాంబులో విచ్ఛిన్నమయ్యేది అణువు కావాలి. నిజానికి విచ్ఛిన్నమయ్యేది పరమాణువులోని కేంద్రకం. ఇది రెండు మెట్లు తప్పిన పదం. ఇక్కడ పత్రికలను తప్పుపట్టడం సులభమే కాని నిరర్థకం. ఏడెనిమిది దశాబ్దాలుగా ప్రజల నోళ్లలో నానిన మాటను పండితులు మార్చలేరు. పదకోశం చేయగలిగింది ఒకటే. 'అణువు' ఆరోపం కిందనే ఈ రెండో వ్యవహారాన్ని పేర్కొని, రెంటికీ హద్దు గీయడం. నానార్థవర్గం చేసిన పనిని వైజ్ఞానిక అకారాది మళ్లీ చేపట్టవలసి ఉంది.

5. లోకవ్యవహారంతో సంబంధం:

శాస్త్రపదానికి అర్థం చెప్పేటప్పుడు లోకవ్యవహారాన్ని విస్మరించడం మరొక లోపం. శాస్త్రం కొత్త పదాలను సృష్టించినంతగానే పాత పదాల హద్దులను కుదించింది కూడా. వడి, వేగం అనే రెండు మాటలు వ్యవహారంలో పర్యాయాలు. భౌతికశాస్త్రం వడిని దిశతో పనిలేని అదిశరాశిగా, వేగాన్ని దిశతో కూడిన సదిశరాశిగా నిర్ణయించింది. ఒక బండి ఊరంతా చుట్టి బయలుదేరిన చోటికే చేరితే దాని సగటు వడి సున్న కాదు, సగటు వేగం మాత్రం సున్న. ఒక దేశ్యపదాన్నీ, ఒక తత్సమాన్నీ తీసుకుని ఇంత సూక్ష్మమైన భేదానికి వినియోగించడం తెలుగు శాస్త్రభాష సాధించిన మంచి ఫలితం. 'వడి - వేగం' అని అర్థం రాసే పదపట్టిక ఆ ఫలితాన్ని ఒక్క గీతతో చెరిపివేస్తుంది.

బరువు విషయం కూడా ఇంతే. అంగడిలో బరువును కిలోగ్రాముల్లో చెబుతాం. శాస్త్రంలో కిలోగ్రాము ద్రవ్యరాశికి ప్రమాణం, భారానికి ప్రమాణం న్యూటన్. 60 కిలోగ్రాముల ద్రవ్యరాశి గల మనిషి భారం భూమి మీద సుమారు 588 న్యూటన్లు. చంద్రుని మీద అందులో దాదాపు ఆరో వంతు. ద్రవ్యరాశి రెండుచోట్లా 60 కిలోగ్రాములే. 'భారం అంటే బరువు' అన్న వివరణలో అబద్ధం లేదు కాని శాస్త్రం కూడా లేదు.

'కరగడం' అనే దేశ్యక్రియ ఇంకొక పాఠం నేర్పుతుంది. మంచు కరుగుతుంది, చక్కెర నీళ్లలో కరుగుతుంది. మొదటిది ఒకే పదార్థం స్థితి మారడం. రెండోది ఒక పదార్థం మరొకదానిలో కలిసిపోవడం. తెలుగు క్రియ రెంటినీ ఒకటిగా చూసింది. సంస్కృత ధాతువు ఈ విషయంలో మెరుగని చెప్పలేం. ద్రవీభవనం, ద్రావణం, ద్రావణి, ద్రావితం అన్నీ ఒకే కుదురులోనివి. కనుక తత్సమం వాడినంత మాత్రాన స్పష్టత రాదు. స్పష్టత నిర్వచనం వల్ల, ఉదాహరణ వల్ల వస్తుంది.

దేశ్యాలను శాస్త్రానికి పనికిరానివిగా చూడడం కూడా సరికాదు. సేద్యగాడు 'పదును' అన్నప్పుడు నేలలో తడి ఉందని మాత్రమే చెప్పడు. దున్నడానికి, విత్తడానికి తగిన పాళ్లలో ఉందని చెబుతాడు. ఇది ఒక కచ్చితమైన సాంకేతిక భావన. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో 1962లో మొదటి సంపుటంగా వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదజాలాన్ని సేకరించి, వృత్తుల్లో ఇటువంటి భావసంపద ఎంత ఉందో నిరూపించింది. అయితే దేశ్యం ప్రతిసారీ శాస్త్రపదానికి సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. 'పులియడం'లో పులుపు ప్రధానం. పాలు పెరుగవడం, దోసెల పిండి పులవడం దాని పరిధిలోవి. పాఠ్యపుస్తకాల్లోని 'కిణ్వనం' చక్కెరలు ఆల్కహాలుగా మారడాన్ని కూడా కలుపుకుంటుంది. పదకోశం కిణ్వనానికి 'పులియడం' అని సరిపెట్టకుండా, పులియడం దానిలో ఒక రకమని చెబితే పాఠకుడు తెలిసిన చోటి నుంచి తెలియని చోటికి వెళ్లగలుగుతాడు. 'రక్తపోటు', 'మరుగుస్థానం' వంటి మిశ్రసమాసాలు ఈ రెండు మార్గాల మధ్య వంతెనలు. సాంస్కృతిక, ఆచ్ఛికాలతోపాటు మిశ్రసమాసానికి కూడా చోటిచ్చిన బాలవ్యాకరణ సంప్రదాయం వీటికి అభ్యంతరం చెప్పదు.

6. ఆదానపదాల వాదం:

ఈ చిక్కులన్నిటికీ పరిష్కారంగా ఆంగ్లపదాలనే యథాతథంగా తీసుకోవాలనే వాదం ఉంది. ఆదానపదానికి తెలుగులో అవయవార్థం ఉండదు కనుక తప్పు స్ఫురణకు తావుండదన్నది ఆ వాదానికి బలం. ఆమ్లజని వంటి పదాల విషయంలో ఈ బలాన్ని అంగీకరించవలసిందే. కాని భావనాపదాల విషయంలో ఈ వాదం నిలవదు. 'ఒంట్లో ఎనర్జీ లేదు', 'పవర్ పోయింది' అని తెలుగువారు నిత్యం అంటూనే ఉన్నారు. ఎనర్జీ, పవర్ అనే మాటలు కూడా లోకవ్యవహారంలో హద్దులు చెరిగిపోయినవే. ఇంటి మీటరు చూపే ఒక యూనిట్ శక్తికి కొలత, 36 లక్షల జౌళ్లకు సమానం. బల్బు మీద రాసిన వాట్లు సామర్థ్యానికి కొలత, సెకనుకు ఎన్ని జౌళ్లు ఖర్చవుతాయో చెప్పేది. శక్తి, సామర్థ్యం అన్నా, ఎనర్జీ, పవర్ అన్నా ఈ భేదాన్ని విడిగా నేర్పవలసిందే. భాష మారినంత మాత్రాన నిర్వచనం చెప్పే బాధ్యత తప్పదు.

7. ఆరోపం స్వరూపం:

పై పరిశీలనను బట్టి వైజ్ఞానిక అకారాదిలో ప్రతి ఆరోపం కింద, అంటే అర్థం చెప్పడానికి ఎత్తుకున్న పదం కింద, నాలుగు అంశాలు ఉండడం మంచిది. మొదటిది యోగం: మాట ఎలా ఏర్పడింది. రెండోది నిర్వచనం: శాస్త్రంలో ఏది నిర్ణీతార్థం. మూడోది హద్దు: లోకవ్యవహారంలో లేదా వేరే శాస్త్రంలో ఉన్న అర్థం ఎక్కడ వేరవుతుంది. నాలుగోది బంధుపదాలు: అక్షరక్రమం విడదీసిన పదాలను తిరిగి కలిపే సూచన. రెండు నమూనాలు:

అణువు: (యోగం) సూక్ష్మమైనది. (నిర్వచనం) ఒక పదార్థపు రసాయన ధర్మాలను నిలుపుకొని స్వతంత్రంగా ఉండగల అతి చిన్న భాగం. సాధారణంగా రెండు లేదా అంతకంటె ఎక్కువ పరమాణువుల బంధంతో ఏర్పడుతుంది. హీలియం వంటి వాయువుల్లో ఒకే పరమాణువు ఉంటుంది. (హద్దు) అణుబాంబు, అణువిద్యుత్తు అనే మాటల్లో ఈ అర్థం లేదు. అక్కడ ఉద్దేశించినది పరమాణు కేంద్రకం. (బంధుపదాలు) కేంద్రకం, పరమాణువు, మూలకం, సమ్మేళనం.

ద్రవీభవనం: (యోగం) ద్రవంగా కావడం. (నిర్వచనం) ఘనపదార్థం వేడిని గ్రహించి ద్రవస్థితికి మారడం. సాధారణ వాతావరణ పీడనం వద్ద మంచు 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవీభవిస్తుంది. (హద్దు) వాయువు ద్రవం కావడం సాంద్రీకరణం. చక్కెర నీటిలో కరగడం ద్రవీభవనం కాదు, ద్రావణం ఏర్పడడం. (బంధుపదాలు) ఘనీభవనం, ద్రావణం, బాష్పీభవనం, సాంద్రీకరణం.

ఈ పద్ధతిలో పుస్తకం పరిమాణం పెరుగుతుందన్న ఆక్షేపణ సహజం. అన్ని పదాలకూ నాలుగు అంశాలూ అవసరముండవు. 'ఎముక'కు యోగం చెప్పనక్కరలేదు, 'వోల్టు'కు లోకవ్యవహారంతో పేచీ లేదు. ఏ పదానికి ఏ అంశం కావాలో నిర్ణయించడమే సంపాదకుడి విచక్షణ. ఆ నిర్ణయానికి శాస్త్రజ్ఞుడొక్కడే చాలడు, భాషావేత్త ఒక్కడే చాలడు. 'అలోహం' నిర్వచనంలో మూలకం ఉండాలని మొదటివాడికి తెలుసు. చదివేవాడికి అది లేకపోతే ఏం తోస్తుందో రెండోవాడికి తెలుసు.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. వైజ్ఞానిక పదాలకు సమానార్థకం చూపడం అనువాదకుడి అవసరాన్ని తీరుస్తుంది. విద్యార్థికి నిర్వచనం కావాలి.

2. పారిభాషిక పదాలు చాలావరకు యోగరూఢాలు. అవయవార్థం శాస్త్రార్థానికి చాలకపోవచ్చు, అస్పష్టంగా ఉండవచ్చు, 'ఆమ్లజని'లో వలె విరుద్ధంగానూ ఉండవచ్చు.

3. అకారాది క్రమం ఉపసర్గల ప్రకారం పదాలను కూర్చి, ఒకే ధాతువుకు చెందిన పదకుటుంబాలను విడదీస్తుంది. బంధుపదాల సూచనలతో దీనిని సరిదిద్దవచ్చు.

4. శాస్త్రాల వారీగా విడిపోయిన పదకోశాల్లో కణం, అణువు వంటి పదాల నానార్థత మరుగున పడుతుంది. ప్రాచీన కోశాల నానార్థవర్గ దృష్టి ఇక్కడ పునరుద్ధరింపదగినది.

5. ఆదానపదం వాడినా, తత్సమం వాడినా, దేశ్యం వాడినా లోకవ్యవహారానికీ శాస్త్రానికీ మధ్య హద్దు చూపక తప్పదు.

తెలుగులో శాస్త్రపదాలు లేవన్న ఫిర్యాదు పాతది. పదాలు ఉన్నాయి, వాటిలో కొన్ని ఆంగ్లం చేయని భేదాలను కూడా చేయగలవు. వాటికి తగిన అర్థవివరణ ఇచ్చే పని మాత్రం ఇంకా మిగిలి ఉంది. తెలుగు శాఖల్లో నిఘంటు శాస్త్రం మీద పరిశోధించేవారు విజ్ఞానశాస్త్ర శాఖల అధ్యాపకులతో కలిసి, ఒక్కొక్క అక్షరంగా కాకపోయినా ఒక్కొక్క పదకుటుంబంగా ఈ పనిని చేపట్టవచ్చు. ద్విభాషా పుస్తకంలో ఎడమ పుట నుంచి కుడి పుటకు చూపు తిప్పే విద్యార్థికి అక్కడ ఉన్న తెలుగు మాట విషయాన్ని విప్పి చెప్పగలగాలంటే ఈ పని ఆలస్యం కాకూడదు.